బీరువాలో మన అర ఏది?

మధ్యతరగతి ఇంట్లో పడగ్గది అనేది పేరుకే పడుకునే గది. నిజానికి అది సగం సామాన్ల గది. పది అడుగులకి పది అడుగులుంటే గొప్ప. అందులో సగం మంచానికే సరి. మిగిలిన సగంలో ఓ మూల బీరువా, దాని నెత్తిన రెండు సూట్‌కేసులు, వాటి నెత్తిన ఏ ఏడాదిదో గుర్తులేని మిక్సీ అట్టపెట్టె. బీరువా తలుపు పూర్తిగా తెరవాలంటే మంచం మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. తెరిచాక మనమే జాగ్రత్తగా ఉండాలి. పై అరలోంచి ఓ తువ్వాలో, లంగావో, దిండు గలీబో అక్షింతల్లా మన నెత్తిన పడడం ఖాయం.

ఇప్పుడు ఈ బీరువా సర్దడమే పెద్ద వ్యాపారమైపోయింది. సెల్‌ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, గళ్ళు గళ్ళుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలు, జిప్పుల సంచులు, ఒకదానికొకటి తగిలించుకునే హేంగర్లు, చీరకో కవరు, జాకెట్టుకో కవరు! ఇవన్నీ కొంటే మన బీరువా సినిమాలో హీరోయిన్ బీరువాలా ఉంటుందట. కొన్నవాళ్ళని అడిగి చూడండి. మూడు నెలలకి ఆ డబ్బాలు పెట్టుకోవడానికి ఇంకో చోటు వెతుక్కుంటూ ఉంటారు.

నా అభిప్రాయం అడిగితే రెండు మాటలు చెబుతాను. ఒకటి, బీరువా సర్దడానికి కొత్తగా కొనవలసింది దాదాపు ఏమీ లేదు. కొనీ కొనీ కదా అది అంతలా నిండింది! రెండోది, మన బీరువాలు అలా ఉండడానికి చోటు చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. అందులో ఏ చోటు ఎవరిదో తేలకపోవడం అసలు కారణం. ఈ రెండో మాట కొందరికి కాస్త ఘాటుగా తగలొచ్చు. నెమ్మదిగానే చెబుతాను, వినండి.

భోషాణం నుంచి బీరువా దాకా

మన అమ్మమ్మల ఇళ్ళల్లో పడగ్గదికో బీరువా అనే మాటే లేదు. పట్టుబట్టలకి భోషాణం, రోజూ కట్టుకునేవాటికి దండెం, మగవాళ్ళ చొక్కాలకి చిలక్కొయ్య, చిల్లర వస్తువులకి గోడలో గూడు. ఆవిడకి ఉన్నవి నాలుగు నేత చీరలు, రెండు పట్టుచీరలు అయినప్పుడు అంతకంటే ఏం కావాలి? గోద్రెజ్ వాళ్ళు మన దేశంలో ఇనప బీరువాలు చెయ్యడం మొదలుపెట్టింది 1923లో. అది మన చిన్న ఊళ్ళల్లో మామూలు ఇళ్ళ దాకా రావడానికి చాలా ఏళ్ళే పట్టింది. వచ్చాక మాత్రం, సందు చివర వెల్డింగు షాపులో చేయించినా సరే, అందరి నోటా అది 'గోద్రెజ్ బీరువా'యే! ఆడపిల్ల కాపురానికి వెళ్తుంటే సారెతో పాటు మంచం, బీరువా పంపడం ఓ మర్యాదగా స్థిరపడిపోయింది.

ఆ మామూలు బీరువా కొలతలు ఓసారి గుర్తు చేసుకోండి. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర పైచిలుకు లోతు. నాలుగైదు అరలు, మధ్యలో ఓ లాకరు. ఇది మడతపెట్టిన చీరలకీ పంచెలకీ సరిగ్గా సరిపోయే పెట్టె. ఇప్పుడు అందులో మనం పెట్టేవి ఏమిటి? మగవాళ్ళ పేంట్లు, పిల్లల జీన్సులు, స్కూలు యూనిఫారాలు, చుడీదార్లు, చున్నీలు, నైటీలు, చలికాలం స్వెట్టర్లు, అతిథులు వస్తే వేసే దుప్పట్లు, ఎక్స్‌రే ఫిలిములు, పెళ్ళి ఆల్బం, కరెంటు బిల్లులు, ఎవరో పెళ్ళిలో ఇచ్చిన గోడ గడియారం! పెట్టె అదే, సంసారం నాలుగింతలైంది.

అద్దె ఇంట్లో గోడ అలమర ఉన్నవాళ్ళ సంగతీ ఇంతే. దానికి తలుపులు సరిగ్గా పడవు, అరలు సిమెంటు బిళ్ళలు, ఎత్తు మార్చడానికి వీల్లేదు. మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళు ఒప్పుకోరు. కనుక ఉన్న చోటుతోనే నెట్టుకురావాలి. ఆ నెట్టుకురావడం ఎలాగో చూద్దాం.

ముందు దించాలి, తర్వాతే సర్దాలి

చాలామంది చేసే పని ఏమిటంటే, ఒక్కో అర తీసి, అందులోవే మళ్ళీ మడతపెట్టి, అందులోనే పెట్టడం. అది సర్దడం కాదు, దుమ్ము దులపడం. ఓ ఆదివారం పొద్దున్న కాఫీలయ్యాక బీరువా మొత్తం మంచం మీదకి దించండి. ఆదివారమే ఎందుకంటే ఆ రోజు అందరూ ఇంట్లో ఉంటారు. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక మనం ఒక్కళ్ళమే నడుం విరుచుకుని సర్దే బీరువా నాలుగు రోజులు కూడా నిలవదు. ఎందుకు నిలవదో తర్వాత చెబుతాను.

దించినవాటిని నాలుగు కుప్పలు చెయ్యండి. రోజూ కట్టేవి ఒకటి. పండక్కీ పేరంటానికీ కట్టేవి ఒకటి. ఏడాదిగా ఒక్కసారైనా ఒంటి మీదకి ఎక్కనివి ఒకటి. ఎందుకున్నాయో, ఎవరివో ఎవరికీ తెలియనివి ఇంకొకటి. చాలా ఇళ్ళల్లో మూడో కుప్పే పెద్దది. బిగుతైపోయిన జాకెట్లు, 'ఒళ్ళు తగ్గాక వేసుకుంటాను' అనుకున్న చుడీదార్లు, రంగు నచ్చకపోయినా పెట్టినవాళ్ళు బాధపడతారని దాచిన చీరలు.

ఇక జాకెట్టు గుడ్డల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పేరంటానికి వెళ్తే ఓ జాకెట్టు గుడ్డ, వ్రతానికి వెళ్తే ఓ జాకెట్టు గుడ్డ, ఊరికే చూసి పోదామని వెళ్ళినా బొట్టు పెట్టి ఓ జాకెట్టు గుడ్డ. వాటిలో కుట్టించుకునేది పదికి ఒకటి కూడా ఉండదు. మిగతావి మన బీరువాలో కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని ఇంకో ఇంటికి బయల్దేరతాయి. మా వీధిలో ఒకావిడ తను ఇచ్చిన గుడ్డ మీద మూలన చిన్న సిరా చుక్క పెట్టిందట. ఏడాది తిరిగేసరికి అదే చుక్కతో, వేరే ఇంట్లోంచి, ఆవిడ చేతికే వచ్చింది! పెట్టుబడి చీరల కథా ఇదే. ఆచారాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆడవాళ్ళు ఒకరింటికి ఒకరు వెళ్ళడానికి ఆ గుడ్డముక్క ఓ వంక. కానీ పసుపు కుంకుమలతో పాటు ఓ పండో, ఓ పువ్వో, ఓ పుస్తకమో ఇచ్చుకున్నా ఆ గౌరవానికి లోటు రాదు కదా! ఈలోగా ఉన్నవన్నీ ఒకే సంచిలో వేసి, 'ఇవ్వవలసినవి' అని చీటీ అంటించి, పైనెక్కడో కాదు, చేతికందే చోటే పెట్టండి. పేరంటాళ్ళు వచ్చినప్పుడు బీరువా అంతా తిరగెయ్యక్కర్లేదు.

కట్టనివాటిని ఏం చెయ్యాలి? స్టీలు సామాన్లవాళ్ళకి వేస్తే ఓ గిన్నె వస్తుంది, సరే. మెత్తబడ్డ నూలు చీరలు నాలుగు కలిపి బొంత కుట్టిస్తే ఏ.సి. గదిలోకీ పనికొస్తుంది, పసిపిల్లల కిందకీ పనికొస్తుంది. ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇవ్వదలుచుకుంటే ఉతికి, హుక్కులు కుట్టి, మడతపెట్టి, 'నీకు నచ్చితే తీసుకో' అని ఇవ్వండి. చిరిగినవీ మరకలవీ ఆవిడ చేతిలో పెట్టి దానం అనుకోవడం మర్యాద కాదు. అవి మసిగుడ్డలకి పనికొస్తాయి, అంతే.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళ బట్టలు వాళ్ళని అడక్కుండా ఏ కుప్పలోనూ వెయ్యకూడదు. మనకి అది చిరుగుల పట్టుచీర. వాళ్ళకి అది ఎవరో ప్రేమగా తెచ్చిన ఆఖరి చీర కావచ్చు. చోటు మిగలడం కోసం ఓ మనిషి జ్ఞాపకాన్ని బయటపడెయ్యక్కర్లేదు.

చిల్లర ఖర్చుతో కిటుకులు

ఇప్పుడు సర్దడం. నడుం నుంచి కంటి ఎత్తు దాకా ఉండే అరలు బంగారం. అవి రోజూ వాడేవాటికి. అడుగు అర బరువైనవాటికి, పిల్లల బట్టలకి. పై అర ఏడాదికి రెండుసార్లు తీసేవాటికి. చాలా ఇళ్ళల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. మంచి చీరలు కళ్ళ ఎదురుగా, రోజూ కట్టేవి అడుగున. రోజుకి నాలుగుసార్లు వంగేది మనమే కదా!

చీరల్ని ఒకదాని మీద ఒకటి పదిహేను పేర్చకండి. అడుగున ఉన్నది లాగితే పైన ఉన్నవన్నీ జారతాయి. ఏడెనిమిది మించకుండా, మడత అంచు మనవైపు ఉండేలా పేరిస్తే ఏది కావాలంటే అది కనిపిస్తుంది. చీర మడతలోనే దాని జాకెట్టూ పెట్టేస్తే, తీరా పెళ్ళికి బయల్దేరేటప్పుడు జాకెట్టు కోసం ఇల్లంతా వెతికే పని తప్పుతుంది. దుప్పటీ, దాని జత గలీబులూ కలిపి మడిచి, అందులోనే ఓ గలీబులో దూర్చెయ్యండి. అరలో చిన్న మూటలా కూర్చుంటుంది, జత విడిపోదు.

తువ్వాళ్ళు, చున్నీలు, బనీన్లు పరిచి మడిచేకన్నా చాపలా చుట్టి నిలబెడితే సగం చోటే పడుతుంది. వాటిని నిలబెట్టడానికి చెప్పుల అట్టపెట్టెల్ని మించినవి లేవు. మూత తీసేసి, పాత చీర ముక్క అంటించుకుంటే చూడడానికీ బాగుంటాయి. మిఠాయి పెట్టెలు చేతిరుమాళ్ళకి, పిన్నీసులకి, రిబ్బన్లకి సరిగ్గా సరిపోతాయి. తలుపు లోపలివైపు ఖాళీగా వదలకండి. పాత జీన్సు పేంటు జేబులు కత్తిరించి ఓ మందపాటి గుడ్డ మీద వరసగా కుట్టి వేలాడదీస్తే దువ్వెనలు, బెల్టులు, మేజోళ్ళు అన్నీ అందులోకి వెళ్ళిపోతాయి. ఇనప తలుపైతే అయస్కాంతం కొక్కేలు దొరుకుతాయి, మేకుతో పని లేదు.

గోడ అలమరలో హేంగర్లు తగిలించడానికి కడ్డీ లేకపోతే, శానిటరీ సామాన్ల కొట్లో మూడడుగుల ప్లాస్టిక్ పైపు ముక్క కోయించుకుని, రెండువైపులా అరకి బలమైన తాడుతో కట్టుకోవచ్చు. చొక్కాలకీ చుడీదార్లకీ అది చాలు. జరీ ఎక్కువున్న బరువు చీరలు మాత్రం హేంగరుకి వెయ్యకండి, మడత దగ్గర సాగిపోతాయి. అరల్లో పరచడానికి పేపరు కన్నా పాత క్యాలెండరు కాగితం మేలు. దళసరిగా ఉంటుంది, వెనకవైపు తెల్లగా ఉంటుంది, సిరా బట్టలకి అంటదు.

మా ఇంట్లో ఈ ఏర్పాట్లన్నింటికీ పైపు ముక్క, డజను హేంగర్లు, తాడు, కొక్కేలు కలిపి మూడు వందలు దాటలేదు. మిగతావన్నీ ఇంట్లో ఉన్నవే.

చెమ్మ, పురుగు

మన వాతావరణంలో బట్టలకి అసలు శత్రువు చెమ్మ. కోస్తా ఊళ్ళల్లో అయితే వానాకాలం రాగానే బీరువా తలుపు తీస్తే ముక్క వాసన. బీరువాని గోడకి ఆనించకుండా రెండంగుళాలు ఎడంగా పెట్టండి. కాళ్ళ కింద చెక్కముక్కలు పెడితే తడిగుడ్డ పెట్టినప్పుడు తుప్పు పట్టదు. ఇస్త్రీ చేసిన బట్టలు వేడి మీద అరలోకి తోసెయ్యకుండా కాసేపు ఆరనివ్వండి. వర్షాలు తెరిపిచ్చిన రోజున తలుపులు బార్లా తీసి, ఫ్యాను వేసి ఓ గంట వదిలేస్తే చాలు. పిల్లల సుద్దముక్కలు పదీ పన్నెండూ పల్చటి గుడ్డలో మూటకట్టి మూల పెడితే కొంత చెమ్మ పీల్చుకుంటాయి.

గంజి పెట్టిన నూలు చీరల్ని నెలల తరబడి దాచకండి. వెండి రంగులో జరజరా పాకే సన్న పురుగుకి గంజి మంచి తిండి. దాచేముందు గంజి పోయేలా ఉతికి, బాగా ఆరాక పెట్టుకోవాలి. పట్టుచీరలు కట్టి విప్పాక నీడలో గాలికి ఆరనిచ్చి, పాత నూలు పంచె ముక్కలో చుట్టాలి. ప్లాస్టిక్ కవర్లలో పెడితే చెమ్మ లోపలే ఉండిపోయి జరీ నల్లబడుతుంది. రెండు మూడు నెలలకోసారి మడత మార్చకపోతే మడతల దగ్గర పట్టు చీలుతుంది. గద్వాలైనా, ధర్మవరమైనా, ఉప్పాడైనా ఆ మగ్గం మీద కొన్ని రోజుల పాటు ఓ కుటుంబం కష్టం ఉంది. మడత మార్చడానికి మనకి పట్టేది పది నిమిషాలు.

కలరా ఉండల విషయంలో జాగ్రత్త. ఒకే అరలో కలరా ఉండలూ కర్పూరమూ కలిపి పెట్టకండి. విడివిడిగా ఉంటే అవి మామూలు వేడికి కరగవు. కలిస్తే మాత్రం కరిగే వేడి బాగా తగ్గిపోయి, మన ఎండాకాలంలో నీరుగారి బట్టల మీద మరకలు పడతాయి. అన్నింటికన్నా ముఖ్యం, పసిపిల్లల బట్టల దగ్గర కలరా ఉండలు పెట్టనే వద్దు. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ సిక్స్ పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అలాంటి పిల్లలకి ఈ ఉండల ఆవిరి తగిలినా రక్తకణాలు దెబ్బతిని కామెర్లు రావచ్చు. పాకే పిల్లలు పిప్పరమెంటు బిళ్ళ అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదమూ ఉంది. ఎండిన వేపాకు, వట్టివేళ్ళు, నాలుగు లవంగాలు పల్చటి గుడ్డలో కట్టి పెట్టుకుంటే మంచి వాసనా వస్తుంది, భయమూ లేదు. కాకపోతే వీటి గుణం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి నెలా రెండు నెలలకోసారి మార్చుకోవాలి.

ఎవరి అర వాళ్ళది

ఇంత చేశాక కూడా బీరువా నాలుగు రోజులకే మళ్ళీ సంతలా తయారవుతోందంటే కారణం ఏమిటి? సర్దేది ఒక చెయ్యి, లాగేవి నాలుగు చేతులు. 'అమ్మా, నా సాక్సు!' 'ఏమోయ్, నా నీలం చొక్కా?' 'కోడలా, నా శాలువా ఎక్కడ పెట్టావమ్మా?' ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఒక్క ఆడదానికే తెలియాలని ఎవరు నిర్ణయించారో గాని, ఆ లెక్క మనం నిద్రలో కూడా మోస్తూనే ఉన్నాం.

అందుకే ఆదివారం సర్దమన్నాను, అందరూ ఉండగా సర్దమన్నాను. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని వాటాలు. ఆరేళ్ళ పిల్లాడు తన నిక్కర్లు తను అడుగు అరలో పెట్టుకోగలడు. పెళ్ళివారి మడతల్లా రాకపోతే కొంపలేం మునగవు. ఇక ఆయనగారి సంగతి. 'నాకు ఇవన్నీ చేతకావోయ్' అంటారు. ఆఫీసులో ఇరవై ఏళ్ళ నాటి ఫైలు అడిగితే కళ్ళు మూసుకుని తీసిచ్చే మనిషికి సొంత బనీను వెతుక్కోవడం ఎందుకు చేతకాదు? చేతకాకపోవడం వేరు, అలవాటు లేకపోవడం వేరు. అలవాటు చెయ్యకపోవడం ఇంకా వేరు. మగపిల్లలకి ఈ అలవాటు ఇప్పుడే చేస్తే, రేపు ఇంకో ఇంటి ఆడపిల్లకి ఓ చాకిరీ తప్పించినవాళ్ళమవుతాం.

ఉమ్మడి బీరువాల్లో ఓ చిత్రం గమనించారా? వాటాలు వేసేటప్పుడు ఆయన చొక్కాలకి చేతికందే అర, పిల్లలకి ఓ అర, అత్తగారికి ఓ అర, వచ్చేపోయేవాళ్ళ దుప్పట్లకి ఓ అర. మన చీరలు? అందరివీ పెట్టాక ఎక్కడ సందు మిగిలితే అక్కడ! పుట్టింటివాళ్ళు కొనిచ్చిన బీరువాలో మనకే చోటు లేదంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

లాకరు తాళం

ఇంకో మాట. బీరువా తాళంచెవి మన కొంగునే ఉంటుంది. ఇంటి పెత్తనమంతా మనదే అన్నట్టు గలగలలాడుతుంది. కానీ ఆ లాకరులో ఉన్న కాగితాలు ఏమిటో మనలో ఎంతమందికి తెలుసు? ఇంటి దస్తావేజు ఎవరి పేరున ఉంది, ఇన్సూరెన్సు పాలసీలో నామినీ ఎవరు, బ్యాంకు డిపాజిట్టు ఎప్పుడు తీరుతుంది? డిగ్రీ చదువుకున్న వాళ్ళం కూడా 'అవన్నీ ఆయన చూసుకుంటారు' అనేస్తాం. అనుకోనిది ఏదైనా జరిగిన రోజున, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఆ కాగితాలు మొదటిసారి చదివిన ఆడవాళ్ళని నేను చూశాను. బీరువా సర్దేది బట్టల కోసమే కాదు. ఆ ఆదివారమే లాకరు కూడా దించండి. ఏ కాగితం ఏమిటో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఓ నోటు పుస్తకంలో జాబితా రాసి పెట్టుకోండి. ఇందులో అనుమానం లేదు, అవమానం అంతకన్నా లేదు. ఇద్దరి సంసారం ఇద్దరికీ తెలియాలి, అంతే.

మన నగల గురించి కూడా. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం హిందూ స్త్రీ తన స్వాధీనంలో ఉన్న ఆస్తికి పూర్తి హక్కుదారు. స్త్రీధనం భర్త దగ్గరో అత్తవారి దగ్గరో దాచి ఉన్నంత మాత్రాన వాళ్ళది అయిపోదని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. పెళ్ళిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి, సంతకాలు చేసి ఉంచుకోవాలని అదే ఏడాది వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితా మన ఇళ్ళల్లో ఎవరి దగ్గరుంది? నగలు కొన్న రసీదులైనా ఓ కవరులో వేసి ఉంచుకున్నామా? చీరకి జత జాకెట్టు వెతుక్కునే ఓపికలో సగం దీనికి పెడితే చాలు.

ఒక్క అర

వర్జీనియా ఊల్ఫ్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1929లో ఓ పుస్తకం రాశారు. ఆడది కథలు రాయాలంటే ఆమెకంటూ కొంత డబ్బు, ఓ సొంత గది ఉండాలన్నది ఆ పుస్తకం సారాంశం. నిజమే. కానీ రెండు గదుల ఇంట్లో నలుగురం ఉండే మనం సొంత గది ఎక్కణ్ణించి తెస్తాం? నేను కథలు రాసుకునేది భోజనాల బల్ల మీద, అందరూ పడుకున్నాక. రాసిన కాగితాలు చాలా ఏళ్ళు చీరల మధ్యనే ఉండేవి. కథల్లోంచి వట్టివేళ్ళ వాసన వచ్చేది! కిందటిసారి వాటాలు వేసినప్పుడు ఒక అర నాకని గట్టిగా అడిగి తీసుకున్నాను. అందులో చీర ఒక్కటీ లేదు. నా కాగితాలు, డిగ్రీ సర్టిఫికెట్లు, మా అమ్మ ఉత్తరాలు, నా పేరున ఉన్న బ్యాంకు పుస్తకం ఉన్నాయి. ఇంట్లో ఎవరూ కాదనలేదు. మనం అడగాలని వాళ్ళకి తెలియలేదు, అడగొచ్చని మనకి తోచలేదు, అంతే.

మీకు కథలు రాసే అలవాటు ఉండకపోవచ్చు. కుట్టుపని ఉండొచ్చు, పాటల పుస్తకం ఉండొచ్చు, చదివి ఆపేసిన చదువు ఉండొచ్చు, నెలనెలా దాచుకునే నాలుగు నోట్లు ఉండొచ్చు. ఏమీ లేకపోయినా ఫరవాలేదు, ముందు అర ఖాళీగా ఉంచుకోండి. ఏం పెట్టాలో తర్వాత అదే చెబుతుంది. ఇల్లంతా సర్దిపెట్టే మనిషికి ఆ ఇంట్లో అడుగున్నర లోతున్న ఒక్క అర కావాలనడం అత్యాశ అంటారా? నేననను. ఈ ఆదివారం మీ బీరువా దించినప్పుడు, ఎవరి వాటా వాళ్ళకి పంచే ముందు, మొదటి వాటా మీదే తీసి పక్కన పెట్టండి.